పడమటికి పోయిన మన తాతలు – వంశవృక్షం విలువ

మన హాస్టల్లో ఏ గదిలో అడిగినా "మా తాత బొంబాయి పోయిండు", "మా మేనత్తోళ్లు షోలాపూర్ల ఉంటరు" అనేవారు ఒకరిద్దరైనా ఉంటారు. ఎప్పుడు పోయారు, ఏ ఊరి నుంచి పోయారు అంటే మాత్రం జవాబు రాదు. దాని మీదనే ఒక విద్యార్థి సీటు ఆధారపడవచ్చు. అందుకే ఈ వ్యాసం.

18వ శతాబ్దం చివరి నుంచే నిజాం రాజ్యంలోని తెలుగు కూలీలు బొంబాయి చేరి కట్టుబడి పనులు చేశారు. అక్కడివారు వీరిని కామాటీలన్నారు. వీరి పేటే కామాటిపుర. ఇప్పుడు ఆ పేరు చెబితే జనానికి ఇంకేదో గుర్తొస్తుంది గానీ, అది రాళ్లు మోసినవారి పేరు. వీరిలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. 1873లో జ్యోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలోజీ కాలేవార్ తెలుగువారే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండాల్సింది.

1874లో సికింద్రాబాదు–వాడి రైలుమార్గం వచ్చి బొంబాయి దారి దగ్గరైంది. తర్వాత 1876–78 నాటి కరువు. షోలాపూర్‌లో మిల్లులు లేచాయి. కరీంనగర్, నల్గొండ, పాలమూరు పద్మశాలీలు మగ్గాలతో అటు కదిలారు. ఆడవాళ్లు బీడీలు చుట్టారు.

ఎవరి వంశం ఏదో ఆనాడు కాగితం మీద లేదు, నోటిలో ఉండేది. మాదిగల గోత్రాలు డక్కలివారు చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు పటం పరిచి కథ చెప్పేవారు. ఊరు విడిచినవారికి ఆ నోరు దూరమైంది. ఇంటిపేరు మాత్రం వెంట పోయింది. మహారాష్ట్రలో "వార్" అని ముగిసే ఇంటిపేర్లు కొన్ని మన "వారు" అని గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం. రాజ్యాంగం 341, 342 అధికరణల ప్రకారం ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఎస్సీ ఉత్తర్వు తేదీ 10 ఆగస్టు 1950, ఎస్టీలది 6 సెప్టెంబర్ 1950. మహారాష్ట్రలో ఎస్సీ ధ్రువీకరణ కావాలంటే కుటుంబం ఆ తేదీ నాటికే అక్కడ ఉన్నట్టు చూపాలి. వంశవృక్షం అఫిడవిట్‌గా ఇవ్వాలి. అంటే ఒకే తాత కొడుకుల్లో 1945లో పోయినవాని మనవడికి అక్కడ రిజర్వేషన్ దొరుకుతుంది, 1960లో పోయినవాని మనవడికి దొరకదు! కులం అదే, ఊరిలో వాడ అదే.

తెనాలిలో పుట్టి బొంబాయిలో చదివిన ఒక గిరిజన విద్యార్థి మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వలస వెళ్లినవారికి కొత్త రాష్ట్రంలో ఆ హోదా వర్తించదని 1990లో కోర్టు చెప్పింది. 2018లోనూ అదే మాట. కేంద్ర ఉద్యోగాలకు మాత్రం సొంత రాష్ట్రపు హోదా పనిచేస్తుంది. మా దృష్టిలో ఇది పూర్తి న్యాయం కాదు. వివక్ష సరిహద్దు దగ్గర ఆగదు కదా. నాందేడ్ వెళ్లినవారి సంగతి ఇంకా విచిత్రం: 1956 దాకా అది మన హైదరాబాద్ రాష్ట్రమే. వాళ్లు రాష్ట్రం మారలేదు, రాష్ట్రమే వాళ్లను విడిచింది.

మాలో ఒకరు ఈ పని మొదలుపెడితే కాగితాలకన్నా నాయనమ్మే ఎక్కువ చెప్పింది. ఆమెకు సంవత్సరాలు తెలియవు. "రజాకార్ల గడబిడకు ముందు మీ పెద్దతాత బండెక్కిండు" అంది. అంటే 1948కి ముందే అన్నమాట. ఇలా పోలీసు యాక్షన్, పెద్ద కరువు, ఎవరి పెళ్లి, ఎవరి చావు అని అడిగితే తేదీలు దొరుకుతాయి. వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు రాయరు. మీరు రాయండి, మేనత్తల ద్వారానే సగం చుట్టరికాలు తెలుస్తాయి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు 1954–55 ఖాస్రా పహాణీలో తాత పేరుందేమో చూడండి. భూమి లేనివారికి బడి అడ్మిషన్ రిజిస్టరే దిక్కు. నకలు మీద హెడ్మాస్టరు సంతకం, ముద్ర, తేదీ మూడూ ఉండేలా చూసుకోండి.