పిల్లల ఇంగ్లీషు, తల్లుల తెలుగు

మెదకు పట్టణమున దీపములు పెట్టు వేళ ఏ వీధిని నడచినను, ఏదో యొక యింటి వాకిటనుండి ఇంగ్లీషు పాఠము వల్లించు చిన్నగొంతు వినబడును. పూర్వమీ చప్పుడు మన వీధులలో అరుదు. నిజాముల యేలుబడిలో బడిచదువు చాలవరకు ఉర్దూలో సాగెను. 1918లో హైదరాబాదున వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున పై తరగతుల బోధన సయితము ఉర్దూలోనే జరిగెడిది. 1948 తరువాత తెలుగు బడులు విరివిగా వచ్చినవి. నేడు బిడ్డలను బడికి పంపు తల్లులలో పెక్కురు ఆ బడులలో చదివినవారే. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణములోని ప్రభుత్వపాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు బోధన ప్రవేశపెట్టబడెను. పిల్లలకు తోడుగా నుండుటకై పాఠ్యపుస్తకములను ఒక పుట ఇంగ్లీషున, ఎదుటి పుట తెలుగున అచ్చువేసిరి.

పుస్తకమునకు తెలుగు పుట యున్నది గాని, బిడ్డ స్వయముగా వ్రాసిన నోటుపుస్తకమునకు అట్టి పుట లేదు. అందులోని యెఱ్ఱసిరా గీతలను చూచి తల్లి దిగులుపడును. “అమ్మా, ఇది యేల తప్పు?” అని బిడ్డ యడుగును. “నాకు తెలియదు నాయనా, రేపు పంతులమ్మనడుగు” అని యామె పుస్తకము మూసివేయును. రెండు మూడు మారులట్లు జరిగినచో బిడ్డ తల్లినడుగుట మానుకొనును. చదువు సంగతి అడుగుట మానిన బిడ్డ మెల్లమెల్లగా బడి ముచ్చటలు చెప్పుటయు మానుకొనును. ఇంటికి కలుగు నష్టమిది. యెఱ్ఱసిరా గీతలు దానిముందెంత?

సోదరీమణులారా, ఆ నోటుపుస్తకము నొకమారు తెరచి నిదానముగా చూడుడు. మీ బిడ్డ వ్రాసిన తప్పులలో పెక్కు తెలివితక్కువ వలన కలిగినవి కావు. అవి చక్కని తెలుగు వాక్యములు. ఇంగ్లీషు బట్ట కట్టుకొని వచ్చినవి. లోపలి తెలుగు మీకు తెలిసినంతగా గైడుపుస్తకము వ్రాసినవానికి తెలియదు. మన భాష నేర్చిన ఇంగ్లీషువారును ఇట్లే తడబడిరి. అందుచేతనే బ్రౌనుదొర 1840లో తెలుగు వ్యాకరణమును, 1852లో నిఘంటువును అచ్చువేయించెను. ఆర్డెనుదొర 1873లో మరియొక వ్యాకరణము వ్రాసెను. ‘మేము’ అనుటకును ‘మనము’ అనుటకును గల భేదము వారికొక చిక్కు. ఇంగ్లీషున రెంటికిని ‘వి’ యొక్కటియే కదా. వారు మీసములు వచ్చిన పెద్దలు. మన పిల్లలు ఏడెనిమిదేండ్లవారు.

మొదట ‘ఎ’, ‘యాన్’, ‘ది’ అను మూడు చిన్నమాటలను చూతము. మన భాషలో వీనికి సరియైన జోడు లేదు గనుక పిల్లలు వీనిని విడిచివేయుదురు, లేదా ఉప్పు చల్లినట్లు అన్నిచోట్ల చల్లుదురు. మీరు బిడ్డకు కథ చెప్పునప్పుడు ఏమందురు? “ఒక యూరిలో ఒక ముసలమ్మ యుండెను. ఆ ముసలమ్మకు ఒక మేక యుండెను. ఆ మేక ఒకనాడు తప్పిపోయెను.” క్రొత్తగా వచ్చిన ముసలమ్మకు ‘ఒక’ అంటిమి, ఎరిగిన ముసలమ్మకు ‘ఆ’ అంటిమి. ఇంగ్లీషున మొదటిది ‘ఎ’, రెండవది ‘ది’. తెలుగున ఈ మాటలను విడిచినను వాక్యము నిలుచును, ఇంగ్లీషున నిలువదు, భేదమింతే. కథ చెప్పునపుడు ‘ఒక’ యన్నచోట బిడ్డచే ‘ఎ’ యనిపించి, ‘ఆ’ యన్నచోట ‘ది’ యనిపించినచో నాలుగు రాత్రులలో పని తీరును.

‘ఎ’ యెచ్చట, ‘యాన్’ యెచ్చట అను ప్రశ్నకు మన లిపియే జవాబు చెప్పును. ఇంగ్లీషు అక్షరములను చూచి నిర్ణయింపబోయిన పిల్లలు మోసపోవుదురు, నిర్ణయించునది చెవి. ఆ మాటను తెలుగున వ్రాయించుడు. అచ్చుతో మొదలైనచో ‘యాన్’, హల్లుతో మొదలైనచో ‘ఎ’. గంట యను అర్థముగల ‘అవర్’ ఇంగ్లీషున హకారముతో వ్రాయబడినను తెలుగున ‘అ’తో మొదలగును, కావున ‘యాన్ అవర్’. ‘యూనివర్సిటీ’ ఇంగ్లీషున అచ్చుతో వ్రాయబడినను మన చెవికి ‘యూ’. కావున ‘ఎ యూనివర్సిటీ’. ‘వన్’ మనకు ‘వ’. కావున ‘ఎ వన్ రుపీ కాయిన్’. ఇందొక గోతి యున్నది. మనవారికి మాట మొదటి ఎకారమునకు ముందు ‘య’ చేర్చు నలవాటు గలదు, ‘యం.ఏ.’, ‘యల్.ఐ.సి.’, ‘యెగ్గు’ అందుము. అట్లు పలికిన బిడ్డ ‘ఎ యెగ్గు’ అని వ్రాయుట న్యాయమే. యకారమును తీసివేసి ‘ఎగ్’ అని పలికించుడు. ‘యాన్’ తనంత తానే వచ్చును.

తరువాత వంటింటికి పోదము. పాలు పొంగినవి, నీళ్లు కాగినవి, వడ్లు ఎండినవి అందుము. మనకివన్నియు బహువచనములు. అందుచే పిల్లవాడు ‘మిల్క్ ఆర్ బాయిలింగ్’ అని వ్రాయును. ఇంగ్లీషువానికి లెక్కింపరానిది ఏకవచనము. కావున ‘మిల్క్ ఈజ్’, ‘వాటర్ ఈజ్’. మెతుకుసీమ యని పేరుగన్న మన ప్రాంతమున వడ్లు వేరు, బియ్యము వేరు, అన్నము వేరు, మెతుకు వేరు. ఇంగ్లీషువాడు బియ్యమునకును అన్నమునకును ‘రైస్’ అను నొక్క మాటతోనే కాలము గడుపుకొనును. మెతుకును లెక్కపెట్టవలసివచ్చిన ‘గ్రెయిన్ ఆఫ్ రైస్’ అని చుట్టుదారి పట్టును. ఇది వాని భాషకు లోటని నేననను గాని, వరిపండించు నాటివారికి తోచక మానదు. దీనికి తలక్రిందైన సంగతియు గలదు. కత్తెర మనకొకటి, పంట్లామొకటి, కళ్లజోడొకటి. వానికి రెండు కొమ్మలున్నవని ఇంగ్లీషువాడు ‘సిజర్స్ ఆర్’ అని బహువచనము పెట్టును. ‘న్యూస్’ చివర సకారమున్నను ఏకవచనమే. ‘అడ్వైస్’, ‘ఫర్నిచర్’, ‘లగేజ్’ అను మాటలకు బహువచనమే లేదు. ఎన్ని సలహాలు చెప్పినను ‘అడ్వైస్’ ఒక్కటే.

పిల్లలను మిక్కిలి బాధించునది ‘ఇంగ్’ అను ప్రత్యయము. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ హావింగ్ ఫీవర్’ అను వాక్యములు ప్రతి నోటుపుస్తకమునందును కానవచ్చును. వ్యాకరణపుస్తకములు ఇచ్చట పొడుగైన క్రియల పట్టికనొకదానిని కంఠస్థము చేయుమనును. తల్లికి పట్టికతో పనిలేదు. ఆ భావమును తెలుగున చెప్పి చూడుడు. వాక్యము ‘నాకు’ అని మొదలైనచో ఇంగ్లీషు క్రియకు సాధారణముగా ‘ఇంగ్’ రాదు. ‘నేను’ అని మొదలై ‘చున్నాను’ అని ముగిసినచో వచ్చును. నాకు తెలియును, నాకు కావలెను, నాకు ఇష్టము, నాకు జ్ఞాపకమున్నది, నాకు అర్థమైనది, నాకిద్దరన్నలు: ‘ఐ నో’, ‘ఐ వాంట్’, ‘ఐ లైక్’, ‘ఐ రిమెంబర్’, ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ హావ్ టూ బ్రదర్స్’. ఒక్కదానికిని ‘ఇంగ్’ లేదు. ‘నాకు జ్వరము’ అందుము గనుక ‘ఐ హావ్ ఎ ఫీవర్’. మరి ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ ఎట్లు సరియయ్యెనని గడుసుపిల్ల అడుగును. అచ్చట ‘హావ్’ అనగా భుజించుట. ‘నేను తినుచున్నాను’ అందుము గాని ‘నాకు’ అనము. చిక్కు విడినది.

ఈ ‘నాకు’, ‘నేను’ల తక్కెడతోనే మరి రెండు జంటలను తూచవచ్చును. కొండమీది కోట నాకు కనబడును: ‘ఐ సీ’. నేను కోటను చూచుచున్నాను: ‘ఐ యామ్ లుకింగ్’. గంట నాకు వినబడును: ‘ఐ హియర్’. నేను పాట వినుచున్నాను: ‘ఐ యామ్ లిజనింగ్’. కనబడుట మన ప్రయత్నము లేకయే జరుగును. చూచుట మనము పూని చేయుదుము. నాకిట్లు అనిపించుచున్నది అనునపుడు ‘ఐ థింక్’, నేను ఆలోచించుచున్నాను అనునపుడు ‘ఐ యామ్ థింకింగ్’. ఈ తక్కెడ ఎల్లయెడల సరిగా తూగునని మాత్రము నమ్మరాదు. ‘నేను నమ్ముచున్నాను’ అను తెలుగునకు ఇంగ్లీషున ‘ఐ బిలీవ్’ అనియే యుండవలెను. అట్టివి కొలదిగా గలవు. వచ్చినప్పుడు వచ్చినట్లు చెప్పుకొనవచ్చును.

‘నుండి’ యను విభక్తి చేయు మోసమును మన పట్టణపు చర్చితోనే చూపవచ్చును. మెదకు చర్చి 1924 డిసెంబరు 25వ తేదీన ఆరాధనకై తెరువబడెను. “1924నుండి ఉన్నది” అందుము. “నూరేండ్లనుండి ఉన్నది” అని కూడ అందుము. తెలుగున రెండుచోట్లను ‘నుండి’యే. పిల్లవాడు రెండుచోట్లను ‘సిన్స్’ పెట్టి, ‘సిన్స్ హండ్రెడ్ ఇయర్స్’ అనును. మొదలైన దినమును చెప్పిన ‘సిన్స్’. గడచిన కాలపు పొడుగును చెప్పిన ‘ఫర్’. కావున ‘సిన్స్ 1924’, ‘ఫర్ ఎ హండ్రెడ్ ఇయర్స్’. తేదీ తాడు కట్టిన మేకు వంటిది, ఏండ్ల లెక్క తాడు వంటిది అని చెప్పిన పిల్లలు మరువరు.

“మా తాతగారు వచ్చినారు” అనుటకు పిల్ల ‘మై గ్రాండ్‌ఫాదర్ హావ్ కమ్’ అని వ్రాసినచో కోపపడకుడు. ఆమె పెద్దలకు బహువచనము వాడవలెనని మీరే నేర్పితిరి. ఇంగ్లీషు క్రియలో గౌరవమునకు చోటు లేదు. తాతయైనను మేకపిల్లయైనను ‘హాజ్’. తాతను చిన్నచేయుట కాదని ఒకమారు చెప్పినగాని కొందరు పిల్లల మనస్సొప్పదు. మరియొక వింత. ‘యు’ అను మాట మొదట బహువచనమే. ‘నీవు’ అనుటకు వారికి ‘దౌ’ అను వేరుమాట యుండెడిది. కాలక్రమమున దానిని విడిచి, ఎల్లరను ‘మీరు’ అనసాగిరి. అందుచేతనే ఒక్కనితో మాటాడునపుడును ‘యు ఆర్’ అనవలెను. ఉయ్యాలలోని బిడ్డను సయితము ‘మీరు’ అనువారు వారు! మన పల్లెలలో కన్నతల్లిని ‘నువ్వు’ అని పిలుచుట చనువునకు గురుతు.

చిన్న చిన్న సంగతులు కొన్ని. “రోజు బడికి పోతాడు”, “రేపు బడికి పోతాడు” అని రెంటికిని మనమొక్క క్రియనే వాడుదుము గనుక ‘డైలీ హి విల్ గో’ అను తప్పు పుట్టును; నిత్యము చేయుపనికి ‘గోజ్’, రేపటిదానికి ‘విల్ గో’. ‘చెప్పు’ అనుటకు ‘సే’, ‘టెల్’ రెండు గలవు. ‘టెల్’ వెంటనే వినువాని పేరు రావలెను, ‘సే’ వెంట చెప్పినమాట వచ్చును. ‘లెండ్’, ‘బారో’ అనునవి పొరుగింటి పంచదార వ్యవహారము. ఎరువిచ్చినవారిది ‘లెండ్’, ఎరువు తెచ్చుకొన్నవారిది ‘బారో’. వాక్యాంతమున ‘కదా’ అనునది మనకు అన్నిటికిని చెల్లును. ఇంగ్లీషున ‘ఈజింట్ ఇట్’ అన్నిచోట్ల చెల్లదు. వెళ్లితివి కదా యనుటకు ‘డిడ్‌న్ట్ యు’, వచ్చును కదా యనుటకు ‘కాన్ట్ యు’ అని ముందరి క్రియను బట్టి మారుచుండును. ఇది నోటికి పట్టుటకు కొంతకాలము పట్టును, తొందర వలదు.

కడపట చెప్పబోవునది వ్రాతలో గాక మాటలో వచ్చును గనుక ఎఱ్ఱసిరాకు చిక్కదు. దీనివలన పిల్లలకు అబద్ధములాడువారను చెడ్డపేరు కూడ వచ్చుచున్నది. “నీవు హోంవర్కు చేయలేదా?” అని ఇంట నడిగిన బిడ్డ “అవును, చేయలేదు” అనును. ‘అవును’ అనగా మీరనుకొన్నది నిజమే యని. బడిలో అదే ప్రశ్న ఇంగ్లీషున వచ్చినపుడు బిడ్డ అలవాటు చొప్పున ‘యస్’ అని యూరకుండును. ఇంగ్లీషు లెక్క వేరు. అందు ‘యస్’ అనగా పని జరిగినదని, ‘నో’ అనగా జరుగలేదని. ప్రశ్న ఎట్లడిగినను జవాబు జరిగినదానినే పట్టియుండును. ‘యస్’ విన్నవారు పుస్తకమడుగుదురు, పుస్తకమున ఏమియునుండదు, బిడ్డ బొంకినదని దండన. నిజము చెప్పియే దెబ్బలు తినుట! ఏల తిన్నదో బిడ్డకును తెలియదు, కొట్టినవారికిని తెలియదు.

దీనికి మందు ఇంటనే యున్నది. వంట చేయుచు, బట్టలు మడతపెట్టుచు, ‘లేదా’తో ముగియు ప్రశ్నలను వరుసగా అడుగుచుండుడు. పాలవాడు రాలేదా? చెల్లెలు నిద్రపోలేదా? నీళ్లు పట్టలేదా? బిడ్డ తెలుగున ‘అవును’, ‘లేదు’ అనుచు, వెంటనే ఇంగ్లీషున జరిగినదానిని బట్టి ‘యస్, హి హాజ్’ అనియో ‘నో, హి హాజ్‌న్ట్’ అనియో చెప్పవలెను. ‘యస్’ వెంట ‘న్ట్’ రాకూడదు, ‘నో’ వెంట ‘న్ట్’ రాక తప్పదు. ఈ యొక్క గురుతు పట్టుకొన్నచో తల్లికి వేరే ఇంగ్లీషు రాకున్నను బిడ్డ జవాబు తప్పో ఒప్పో వినగానే తెలియును.