పిండికి, నిప్పుకి, చేతిపనికి

సారె దిగిన ఇంట ఆడవాళ్లు ముందుగా చూసేది కజ్జికాయ అంచుని. పలాస, టెక్కలి చుట్టుపక్కల, అటు మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో అత్తవారింటికి వెళ్లే పెళ్లికూతురి వెంట అరిసెలు, లడ్లు, జంతికలు, కజ్జికాయలు తట్టలకెత్తి పంపుతారు. అవి వీధిలో ఇంటింటికీ పంచుతారు. అరిసె గట్టిపడితే తప్పు పాకం మీదికి తోసేయొచ్చు. కజ్జికాయ అంచు విడిపోతే ఆ మాట పుట్టింటికే వస్తుంది.

అంచు కుదరడం వెనక చాలా పని ఉంది. మైదాలోనో గోధుమపిండిలోనో కాచిన నెయ్యి పోసి, పిడికిట పడితే ముద్ద నిలిచేదాకా కలపాలి. ఆ తర్వాతే నీళ్లు, అవీ కొంచెం కొంచెంగా. తడిగుడ్డ కప్పి పిండిని నాననివ్వాలి. లోపలికి పచ్చికొబ్బరి, బెల్లం కలిపి దగ్గరపడేదాకా తిప్పిన లౌజు పెడితే రుచి గొప్పది, నిలవ తక్కువ. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. సారెకి అందుకే ఎండుకొబ్బరి కోరు, వేయించిన పుట్నాల పొడి, నువ్వులు, యాలకులు, పలాస జీడిపప్పు బద్దలు వాడతారు. తడి లేనందువల్ల వారాల తరబడి ఉంటాయి. కూరు ఎక్కువైనా, అంచున చిటికెడు పొడి అంటుకున్నా నూనెలో కాయ విచ్చుకుంటుంది. బయటపడ్డ కూరు మాడి, నూనె నల్లబడి, ఆ వాయి తర్వాతి వాయిలన్నీ పాడవుతాయి. "ఓలప్పా, అంచు సూసుకో, నూనెలో నోరు తెరిసేస్తాది" అన్న హెచ్చరిక అందుకే. ఇప్పుడు చాలా ఇళ్లలో అచ్చు వచ్చేసింది. వేళ్లతో అంచుని జడలా మెలిపెట్టగల పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. నాకు ఇది చిన్న నష్టంగా కనిపించదు.

పిండి పొరలో కూరు పెట్టి మూసే వంట ప్రపంచమంతా ఉంది. మధ్యయుగపు ఇంగ్లండులో అది మాంసం మీద నడిచింది. దళసరి పిండి పెంకులో మాంసమో చేపో పెట్టి, మూతవేసి, బట్టీలో కాల్చేవారు. ఆ పెంకే పాత్ర, ఆ పెంకే డబ్బా. పట్నంలోని బీదవాళ్ల గదుల్లో కాల్చుకునే పొయ్యి ఉండేది కాదు. వేడి వంటకం కావాలంటే వీధి అంగడికి వెళ్లాల్సిందే. అలా అది అంగడి వృత్తి అయింది, వృత్తికి కట్టుబాట్లు వచ్చాయి. లండన్ నగరం 1378లో వంటవాళ్ల ధరలు నిర్ణయించింది. బలిసిన కోడిపుంజుని పిండి పెంకులో కాల్చి అమ్మితే ఎనిమిది పెన్నీలు. కోడిని మనమే తెచ్చి ఇస్తే, దానికి పట్టిన పిండికి, నిప్పుకి, శ్రమకి కలిపి ఒకటిన్నర పెన్నీ. పెద్దబాతుకి రెండు పెన్నీలు. మరుసటి ఏడాదే ఇంకో కట్టడి వచ్చింది: పనికిరాని పేగులూ తునకలూ లోపల కూరకూడదు, గొడ్డుమాంసాన్ని జింకమాంసమని అమ్మకూడదు. మూసి ఉన్న వంటకంలో మోసం సులువు. ఆ కాలపు కవి చాసర్ 'కాంటర్‌బరీ కథల్లో' వంటవాడు రోజర్ ఎదుర్కొన్న నింద కూడా అలాంటిదే, చల్లారినదాన్ని మళ్లీ వేడిచేసి అమ్ముతాడని.

మన ఊళ్లలో కథ వేరేగా నడిచింది. మూకుడు, నూనె, పుల్లలు ఉంటే కజ్జికాయ ఏ పెరట్లోనైనా వేగుతుంది. అందుకని అది ఇంటి పనిగానే ఉండిపోయింది. ఇంటి పనికి ఎవరూ ధర కట్టలేదు. పెళ్లికి ముందు రోజుల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా నూనె సెగలో కూర్చుని చేసిన పని, పెళ్లి ఖర్చుల లెక్కలో బెల్లం పక్కన, నూనె పక్కన ఎక్కడా కనపడదు.

ఈ తీరంలో కూరు ఖరీదు మాత్రం అందరికీ తెలుసు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఇక్కడి ఉద్దానం ప్రాంతపు తోటల్ని కూల్చేసింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఐదారేళ్లు పైనే పడుతుంది. సొంత చెట్టు కాయ కొట్టి లౌజు చేసుకునే ఇల్లు కొబ్బరికాయ కొనుక్కోవడమంటే ఏమిటో ఆ ఏళ్లలో ఉద్దానం చూసింది.

జీడిపప్పు సంగతి ఇంకో రకం. పలాస-కాశీబుగ్గ పరిశ్రమలో పిక్క కొట్టడం, పొట్టు తీయడం, గుండునీ బద్దనీ ముక్కనీ వేరుచేయడం ఎక్కువగా ఆడవాళ్ల పని. పిక్క పెంకులోని జీడినూనె చేతులకి అంటితే చర్మం కాలుతుంది. అయినా అక్కడ కిలో లెక్కన కూలి ఉంది. ఎంత తక్కువో వాదించుకోవడానికి కనీసం ఒక అంకె ఉంది. పగలు పొట్టు తీసి కూలి తెచ్చుకున్న చేతులే రాత్రి చుట్టాల పెళ్లికి కజ్జికాయలు ఒత్తితే ఆ అంకె మాయమవుతుంది.

ఇప్పుడు సారె ఆర్డర్లు మిఠాయి దుకాణాలకీ, ఇంట్లో చేసి ఇచ్చే ఆడవాళ్లకీ వెళ్తున్నాయి. మంచి మార్పే. కానీ బేరం ఇంకా కిలో ధర మీదే సాగుతోంది. చేయించుకునేవాళ్లు నెయ్యి ఎంత పోశారని అడుగుతారు, జీడిపప్పు వేశారా అని అడుగుతారు. అంచు చేత్తో మెలిపెట్టినదా, అచ్చులో నొక్కినదా అని అడిగేవాళ్లు తక్కువ. అడగాలి, తేడాకి డబ్బు ఇవ్వాలి. ఆర్డరు రాసే చీటీలో సరుకుల ఖర్చు ఒక వరుసలో, చేతిపని ఖర్చు దాని కింద వేరే వరుసలో రాయమని చేసే ఆడవాళ్లే పట్టుబట్టాలి. సరుకులు మనం ఇచ్చి చేయించుకున్నా ఆ రెండో వరుస ఖాళీగా ఉండకూడదు.