ఆముదం సాగులో నత్రజని

ఆముదం పంటకు నత్రజనిని ఎంత, ఎప్పుడు వేయవలెనన్నది తెలంగాణ మెట్ట సేద్యంలో ముఖ్యమైన విషయం. నల్గొండ, మహబూబ్‌నగర్, పూర్వపు రంగారెడ్డి జిల్లాల ఎర్ర చెల్క నేలలలో ఇది వర్షాధారపు పంటగా ప్రసిద్ధి చెందినది. రంగారెడ్డి జిల్లాలోనే, హైదరాబాదు అంచున ఉన్న బడంగ్‌పేట్ 2019లో నగరపాలక సంస్థ అయినది. అటువంటి చోట్ల చేలు చాలావరకు ఇళ్ళ స్థలాలుగా మారినవి. నగరానికి మరోవైపున రాజేంద్రనగర్‌లో 1977లో నూనెగింజల పరిశోధనా డైరెక్టరేటు ఏర్పడినది. ప్రస్తుతం ఇది భారతీయ నూనెగింజల పరిశోధనా సంస్థ. జ్యోతి రకం ఇక్కడిదే. క్రాంతి, హరిత, కిరణ్ రకాలు పాలెం పరిశోధనా స్థానం నుండి వచ్చినవి.

నేల స్వభావం

చెల్క నేలలో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. అందువలన సహజ నత్రజని స్వల్పం. వేసినది కూడా పెద్ద వానకు వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతుంది. ఆముదం కంది వలె గాలిలోని నత్రజనిని స్థిరీకరించే పప్పుజాతి పంట కాదు. కావలసినదంతా నేల నుండే తీసుకొనవలెను.

మోతాదు, సమయం

వర్షాధారపు రకాలకు ఎకరాకు సుమారు 24 కిలోల నత్రజని సిఫారసులో ఉన్నది. హైబ్రిడ్లకు మోతాదు ఎక్కువ. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 24 కిలోలకు సుమారు 52 కిలోల యూరియా అవసరమగును. 45 కిలోల బస్తాలో ఉండేది 20.7 కిలోలే. భాస్వరం కొరకు డి.ఎ.పి. వాడినచో లెక్క మారుతుంది. 35 కిలోల డి.ఎ.పి.తో 16 కిలోల భాస్వరంతో పాటు 6 కిలోలకు పైగా నత్రజని కూడా చేరును. దీనిని తీసివేయకుండా పూర్తి యూరియా వేయుట డబ్బు దండగ.

ఆముదంలో గెలలన్నీ ఒకేసారి రావు. ముందు ప్రధాన కాండం చివర మొదటి గెల, తరువాత కొమ్మలకు రెండవ, మూడవ వరుస గెలలు వస్తాయి. కాబట్టి నత్రజనిలో సగం విత్తేటప్పుడు, మిగిలినది రెండు భాగాలుగా నెల రోజులకు, రెండు నెలలకు వేస్తారు. అయితే ఈ రోజుల లెక్క కంటే నేలలోని పదునే ముఖ్యం. పొడి నేలపై చల్లిన యూరియా వేరుకు అందదు. కొద్దిపాటి తేమ తగిలి పైననే కరిగితే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. వాన పడిన తరువాత, కలుపు తీసి, మొక్కకు కొంచెం ఎడంగా వేసి మట్టితో కప్పవలెను. వాన లేనిచో ఆ దఫాను ఆపుట మేలు. బెట్టలో ఉన్న మొక్క దానిని వాడుకొనలేదు.

అధికమైతే

మోతాదు మించినచో ఆకు, కాండం ఏపుగా పెరిగి గెల ఆలస్యమగును. గుబురైన చేనులో తేమ ఆరదు. గెలలు వచ్చే కాలంలో ముసురు పడితే బూజు తెగులుకు (బొట్రైటిస్) ఇది అనుకూలం. ఈ తెగులు గెలలనే కుళ్ళబెడుతుంది. కెనడాలో విస్తారంగా పండే కనోలాలో నత్రజని పెరిగే కొద్దీ గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుట గమనించబడినది.

ఆముదపు పిండి

నూనె తీయగా మిగిలిన పిండిలో రిసిన్ అనే విషం ఉన్నందున పశువులకు పెట్టరాదు. అయితే ఇందులో నత్రజని 4 శాతానికి పైగా ఉండును కావున మంచి సేంద్రియ ఎరువు. యూరియా వలె వెంటనే కాక నెమ్మదిగా అందుట వలన ఇసుక నేలలకు అనుకూలం. ఎరువు కొరకు నిల్వ చేసినపుడు కూడా పశువులకు అందని చోట ఉంచవలెను.