ఓడెక్కి వచ్చిన దేవత



పోయిన నెల సోషల్ క్లాసులో ఇటలీలోని పాంపీ నగరం ఫొటోలు చూపిస్తుంటే ఒక బాబు అడిగాడు: "మిస్, ఈజిప్టు దేవతకు ఇటలీలో గుడి ఎందుకుంది? ఈజిప్టు వాళ్లు యుద్ధం గెలిచారా?" గెలవలేదు. పైగా చివరికి రోమ్ చేతిలో ఈజిప్టే ఓడిపోయింది. ఇంతలో బెల్ కొట్టేశారు. మిగతాది ఇక్కడ చెబుతున్నాను, ఇంట్లో పిల్లలతో మాట్లాడటానికి పనికొస్తుంది.

ఆ దేవత పేరు ఐసిస్. ఆమెను ముందుగా దాటించింది సైన్యం కాదు, వర్తకులు. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో దొరికిన ఒక శాసనం ఈ సంగతి చెబుతుంది. క్రీ.పూ. 333 ప్రాంతంలో సైప్రస్ వర్తకులు తమ దేవత గుడి కోసం స్థలం కొనుక్కోనివ్వమని ఏథెన్స్ సభను అడిగారు. విదేశీయులు భూమి కొనాలంటే సభ అనుమతి ఉండాలి. సభ ఒప్పుకుంది. ఈజిప్టు వాళ్లు ఇదివరకే ఐసిస్ గుడి కట్టుకున్నట్టే వీళ్లూ కట్టుకోవచ్చని రాయి మీద చెక్కించింది. ఏథెన్స్ తినే ధాన్యంలో చాలాభాగం ఓడల్లోనే వచ్చేది. అలాంటి ఊరు వర్తకులను కాదనుకోదని నా ఉద్దేశం.

తర్వాత ఈజిప్టును ఏలిన గ్రీకు రాజులు టాలెమీలు ఐసిస్‌కు జంటగా సరాపిస్ అనే దేవుణ్ణి నిలబెట్టారు. పేరు ఈజిప్టుది, గడ్డంతో ఉన్న రూపం గ్రీకులది. పాంపీకి దగ్గర్లోని పుటియోలి రేవులో క్రీ.పూ. 105 నాటికే సరాపిస్ గుడి ఉంది. నావికులకు ఐసిస్ అంటే ఎంత గురి అంటే, రోమన్ల కాలంలో ఏటా మార్చి 5న ఆమె పేరిట ఒక ఓడను నీళ్లలోకి వదిలి సముద్రయానాలు మొదలుపెట్టేవారు.

రోమ్ నగరంలో మాత్రం కథ వేరు. ఐసిస్ పూజాస్థలాలను పడగొట్టమని సెనేట్ ఒకటికి రెండుసార్లు ఆదేశించింది. ఒకసారి గుడి మీద చెయ్యి వేయడానికి పనివాళ్లు భయపడితే, కాన్సులే పై వస్త్రం తీసి పక్కన పెట్టి గొడ్డలితో తలుపు కొట్టాడని వలేరియస్ మాక్సిమస్ రాశాడు. క్రీ.పూ. 43లో ఆంటోనీ, ఆక్టేవియన్, లెపిడస్ కలిసి ఐసిస్, సరాపిస్‌లకు గుడి కట్టిస్తామన్నారు. జనం మద్దతు అవసరమైన రోజులవి. తనను తాను కొత్త ఐసిస్‌గా చెప్పుకున్న క్లియోపాత్రాను ఓడించాక, క్రీ.పూ. 28లో అదే ఆక్టేవియన్ నగర పవిత్ర సరిహద్దు లోపల ఈజిప్టు పూజలు కుదరవన్నాడు!

ఇక ఆ బాబు అడిగిన పాంపీ గుడి. క్రీ.శ. 62 భూకంపంలో అది కూలిపోయింది. దాన్ని సొంత ఖర్చుతో పునాదుల నుంచి మళ్లీ కట్టించినది న్యుమేరియస్ పొపిడియస్ సెల్సినస్ అని గుమ్మం మీది శాసనం చెబుతుంది. అందుకు నగర కౌన్సిల్ అతణ్ణి ఫీజు లేకుండా సభ్యుడిగా చేర్చుకుంది. అప్పుడతని వయసు ఆరేళ్లు. మన ఫస్ట్ క్లాస్ పిల్లల వయసన్నమాట. డబ్బు తండ్రిదే అయివుండాలి. ఆయన ఒకప్పుడు బానిస అని చరిత్రకారుల అభిప్రాయం. బానిసత్వం నుంచి విడుదలైనవాడికి కౌన్సిల్‌లో చోటు లేదు, అతని కొడుక్కి ఉంది. ఆ శాసనం ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది.