లింకు పలుకు తీరు

చిరునామాలో తిరుపతి అని మాత్రమే వ్రాసిన ఉత్తరము ఊరు చేరును గాని ఇల్లు చేరదు. ఫోనులోని లింకుల సంగతియు నంతే. కొన్ని లింకులు యాప్ వాకిట దింపి పోవును. డీప్ లింకు అనునది కావలసిన పుటకే కొనిపోవును.

గోవిందరాజస్వామి గుడి వీధిలో పూల దుకాణమున వ్రేలాడు క్యూఆర్ పటమును చూడుడు. అందున్నది ‘యూపీఐ’ అని మొదలగు లింకే. దానిని చదివినంతనే చెల్లింపు పుట దుకాణము పేరుతో సహా తెరచుకొనును.

ఇందొక చిక్కు కలదు. ఇట్టి పిలుపుపేరును ఏ యాప్ అయినను పెట్టుకొనవచ్చును. పిలిచినప్పుడు ఎవరు పలుకుదురో చెప్పలేము. అందుచే 2015లో ఆపిల్, గూగుల్ సంస్థలు వేరొక పద్ధతి తెచ్చినవి. వెబ్‌సైటు తన సర్వరులో చిన్న ఫైలునుంచి ‘ఈ యాప్ నాది’ అనవలెను. యాప్ ‘ఆ సైటు నాది’ అనవలెను. పెండ్లి సంబంధమునకు ఇరుపక్షములు ఒప్పుకొనవలెను గదా! మాట కలియనిచో యాప్ తనంతట తెరచుకొనదు.

అయినను మా సందేహము తీరలేదు. నకిలీ సైటువాడు తన నకిలీ యాప్‌తో ఇట్లే ఒడంబడిక చేసికొనగలడు! నకిలీ సైట్ల గూర్చి తిరుమల తిరుపతి దేవస్థానములవారు పలుమార్లు హెచ్చరించియున్నారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనపు లింకును బంధువులే పంపినను, నొక్కుటకు ముందు సైటు పేరు చూడవలెను. దేవస్థానమువారిది ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ముగియును. ఆ పిదప వచ్చు ఏటవాలు గీతకు ఆవల ఏ దేవుని పేరున్నను లెక్కకు రాదు.