మిర్చి డ్రయ్యరు రేకుకు తీగ కడితే మేలేనా?

కల్లంలో మిర్చి పోశాక మబ్బు పట్టిందంటే రైతుకు కంటి మీద కునుకుండదు. తడిసి బూజు పట్టిన కాయను తాలు కింద కట్టేస్తారు. ఆ బాధ పడలేక సోలార్ డ్రయ్యరు పెట్టుకున్నవారికీ, సంఘంగా కొనాలనుకునేవారికీ పనికొచ్చే కిటుకు ఒకటుంది. అది నానక్‌రామ్‌గూడ అద్దాల మేడల్లోనూ ఉంది.

అమెజాన్ 2019లో పెద్ద క్యాంపస్ తెరిచింది అక్కడే. అలాంటి మేడలకు ఏసీ లేనిదే గడవదు. ఏసీల్లో వాడే రాగి గొట్టాలు చాలావాటికి లోపల నున్నగా ఉండదు, సన్నటి గాడులుంటాయి. ఎందుకంటారా?

నున్నని రేకు వెంట గాలి పారేటప్పుడు, రేకును అంటుకుని పల్చని పొర ఒకటి మందకొడిగా సాగుతుంది. అది వేడికి దుప్పటి కప్పినట్టే. మన పంట కాలవలో గట్టు పక్క నీళ్లు నెమ్మదిగా పోవడం చూస్తూనే ఉంటారు. అక్కడో రాయి వేయండి, సుడి తిరుగుతుంది. రేకుకు అడ్డంగా తీగ ఉన్నా అంతే. గాలి తీగ దూకి మళ్లీ రేకును తాకేచోట ఆ పొర చెదిరిపోయి, వేడి గాలిలోకి వస్తుంది.

ఇది మన దేశంలో పరీక్షించిందే. 1983లో ప్రసాద్, ములిక్ అనే శాస్త్రవేత్తలు పంట ఆరబెట్టే సోలార్ హీటరు రేకుకే సన్న తీగలు కట్టి చూస్తే రేకు సామర్థ్యం సుమారు 14 శాతం పెరిగింది. 1988లో బి.ఎన్.ప్రసాద్, రూర్కీ ఆచార్యుడు జె.ఎస్.సైనీ చేసిన పరీక్షల్లో రేకు నుంచి గాలికి వేడి అందడం గరిష్ఠంగా 2.38 రెట్లయింది. అలాగని మిర్చి రెండింతల వేగంతో ఎండుతుందనుకోకండి. గాలికి ఎదురయ్యే ఒరిపిడి కూడా 4.25 రెట్లయింది మరి! ఆ భారమంతా ఫ్యాను మోయాలి.

గాలి దారి లోతు 4, 5 సెంటీమీటర్లుంటే 14 గేజి జీఐ తీగ చాలు. అది 2 మిల్లీమీటర్ల మందం. రేకుకు గాలి తగిలే వైపు, గాలి పోయే దిశకు అడ్డంగా, వదులు లేకుండా బిగించాలి. తీగకూ తీగకూ మధ్య దూరం మందానికి పది రెట్లు, అంటే 2 సెంటీమీటర్లు. మరీ దగ్గరగా కడితే గాలి తీగల మీదుగానే దూకిపోతుంది, రేకును తాకదు. ఫ్యాను లేకుండా పొగగొట్టంతో నడిచే డ్రయ్యరుకు మాత్రం ఈ పని చేయకండి. ఉన్న కాస్త గాలీ ఆగిపోతుంది.

ఇంకొక మోసం ఉంది. తీగలు కట్టాక బయటికొచ్చే గాలి వేడెక్కింది కదా అని సంబరపడొద్దు. ఫ్యాను నీరసించి గాలి తగ్గినా థర్మామీటరు పైకే పోతుంది. 60 డిగ్రీలు దాటితే కాయ రంగు నల్లబడుతుంది కూడా. అందుకని ముందు ఒక్క రేకుకే కట్టి, రెండు ట్రేలలో సమానంగా కాయ పోసి, సాయంత్రం తూకం వేయండి. ఏ ట్రే ఎక్కువ తరిగిందో దాన్నే నమ్మండి. గాలి బాగా తగ్గిందనిపిస్తే తీగ విడిచి తీగ తీసేసి మర్నాడు మళ్లీ తూచండి.