తల్లి ఖాతాలో సొమ్ము, ఊడ్పుల చేలో పని

“డబ్బులు ఊరికే వచ్చి పడుతుంటే ఆడవాళ్ళు ఊడ్పులకెందుకు వస్తారండీ?” సార్వా నాట్ల రోజుల్లో తణుకు చుట్టుపక్కల గ్రామాల్లో ఈ మాట మేము చాలాసార్లు విన్నాము. ఆరాధన ముగిసి చెప్పులు తొడుక్కుంటూ విశ్వాసులు కూడా ఇదే మాట అనుకోవడం విన్నాక, కొంచెం లెక్క చూద్దామనిపించింది.

2020 జనవరి 9న చిత్తూరులో అమ్మ ఒడి ప్రారంభమైంది. పిల్లలు ఎందరున్నా తల్లికి ఏటా ఒక్క మొత్తమే ఇచ్చేవారు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చాక చదివే ప్రతి బిడ్డకూ 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లికి. ఏడాది పొడవునా పంచితే రోజుకు 35 రూపాయల చిల్లర. ఇద్దరు పిల్లలుంటే 71. సహోదరులారా, దీనితో కూలి మానేసి ఇంట కూర్చున్న తల్లి మాకైతే కనబడలేదు.

పోలండు దేశంలో 2016 ఏప్రిల్ నుండి రెండవ బిడ్డ మొదలుకొని నెలనెలా 500 జ్లోటీలు ఇచ్చారు. అక్కడ కొందరు తల్లులు ఉద్యోగాలకు దూరమయ్యారని పరిశోధకులు కనుగొన్నారు. కాని అది నెలనెలా వచ్చే సొమ్ము. మనది ఏడాదికొకసారి వచ్చేది, బడికి ముడిపెట్టినది.

ఆ ముడిలోనే అసలు సంగతి ఉంది. అమ్మ ఒడికి 75 శాతం హాజరు కావాలన్నారు. పూర్వం ఊడ్పులొస్తే పెద్దపిల్లను బడి మాన్పించి, చంటివాడిని దానికప్పగించి తల్లి చేలోకి దిగేది. ఇప్పుడు పెద్దపిల్ల బడిలో ఉంది. దేవునికి స్తోత్రం! మరి చంటివాడు ఎవరి దగ్గర? ముఠా తెల్లవారుతూనే బయలుదేరుతుంది, అంగన్‌వాడీ అప్పటికి తెరవరు. ఇంట్లో అత్తగారుంటే సరే. మా సంఘంలో ఒక తల్లికి గత సార్వాలో ఆరు రోజుల కూలి పోయింది ఇందుకే. ఊరు మాత్రం బద్ధకం అన్నది.

సామెతలు 31వ అధ్యాయములోని స్త్రీ చీకటితోనే లేచేది. అయితే ఆమె ఇంట పనికత్తెలు కూడా ఉన్నారన్న సంగతి ప్రసంగాల్లో మనం దాటేస్తాము.

ఊడ్పులు మహా అయితే రెండు మూడు వారాలు. మందిరం పక్కనున్న సండే స్కూలు గది వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటుంది. స్త్రీల సమాజంలో ఇద్దరు పెద్దమ్మలు ఉదయం ఐదింటికి వచ్చి పిల్లల్ని చూస్తామన్నారు. మేము పాస్టరుగారిని అడిగాము. దాళ్వా నాట్లకు తాళంచెవి ఇస్తామన్నారు.